మందు తాగారని తెలియగానే: ఒళ్ళు చెప్పే గుర్తులు, మొదటి గంట పని

ఎవరో విషపు మందు తాగారనగానే ఇంట్లో మొదట రేగే ప్రశ్న "ఏం తాగాడు?" అని. సీసా దొరికితే మేలే. దొరక్కపోయినా పని ఆగకూడదు. కళ్ళు, చర్మం, ఊపిరి, నాడి చూస్తే ఏ తరహా విషమో చాలావరకు ఒళ్ళే చెబుతుంది. ఊపిరి నిలబెట్టడం ముందు, పేరు వెతకడం తర్వాత. కింద రాసినదాంట్లో మొదటి భాగం ఇంటివాళ్ళకీ, ఆశా కార్యకర్తలకీ. మోతాదులున్న భాగం ఒడిశాలోని రాయగడ, గజపతి, కోరాపుట్, మల్కన్‌గిరి జిల్లాల చిన్న ఆస్పత్రుల్లో రాత్రి డ్యూటీ చేసే నర్సులకీ, కొత్త డాక్టర్లకీ. ఆ ఇంజెక్షన్లు ఇంట్లో ఇచ్చేవి కావు.

ఇంట్లో, పొలంలో

108కి ఫోన్ చేయండి. బండి వచ్చేలోపు మనిషిని ఎడమవైపు ఒత్తిగిలించి పడుకోబెట్టండి, నోరు కిందికి వాలి ఉండాలి. నోట్లో నురగ, వాంతి ఉంటే గుడ్డతో తుడవండి. వెల్లకిలా పడుకోబెడితే వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. విషం తట్టుకున్న మనిషి కూడా దానివల్ల పోవచ్చు.

కక్కించకండి. ఉప్పునీళ్ళు, సబ్బునీళ్ళు, పేడనీళ్ళు, చింతపండు పులుసు, గుడ్డు సొన ఏదీ వద్దు. ఉప్పునీళ్ళు ఎక్కువగా తాగిస్తే రక్తంలో సోడియం పెరిగి మెదడు దెబ్బతింటుంది, అది రెండో విషం. యాసిడ్ అయితే దిగేటప్పుడు ఒకసారి కాలిన గొంతు పైకి వచ్చేటప్పుడు మళ్ళీ కాలుతుంది. కిరోసిన్ అయితే కక్కేటప్పుడే ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. పొయ్యి బొగ్గు నూరి తాగించడం కూడా పనికిరాదు. ఆస్పత్రిలో ఇచ్చే బొగ్గు పొడి వేరే పద్ధతిలో తయారవుతుంది.

ఒంటి మీద మందు పడి ఉంటే బట్టలు పూర్తిగా విప్పేయండి. సబ్బుతో, ధారగా పోసే నీళ్ళతో పావుగంట కడగండి. జుట్టు, చెవుల వెనక, చంకలు, బొడ్డు, గోళ్ళ సందులు మరిచిపోయే చోట్లు. కడిగేవాళ్ళు చేతులకి గ్లవ్స్ వేసుకోవాలి, లేకపోతే ప్లాస్టిక్ సంచులైనా తొడుక్కోవాలి. పురుగుల మందు తాగిన మనిషి నోట్లో నోరు పెట్టి ఊదకండి.

తర్వాత సీసా, డబ్బా, మాత్రల అట్ట, వాంతి మరకలున్న బట్ట, ఏది దొరికితే అది సంచిలో వేసి వెంట తీసుకెళ్ళండి. చెత్తబుట్ట, మంచం కింద, పెరట్లో పొద కింద చూడండి. స్పృహలో ఉంటే మెల్లగా అడగండి: "ఏం తాగావో చెప్పు నాయనా, ఎవరూ ఏమీ అనరు." గద్దిస్తే అబద్ధం చెబుతారు, వైద్యం ఆ అబద్ధం మీద నడుస్తుంది. పోలీసు కేసు భయంతో ఇంటివాళ్ళే దాచిపెట్టడమూ ఉంది. ఆస్పత్రి వాళ్ళు పోలీసులకు తెలియజేయడం నిజమే, కానీ వైద్యం దానికోసం ఆగదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలి. డాక్టరు దగ్గర మాత్రం దాచకండి.

ఒడియా ఆస్పత్రికి వెళ్తే గాభరాలో మాట తడబడుతుంది. "బిష పిఇఛి" అంటే విషం తాగాడని. "పొక మరా ఔషధ" పురుగుల మందు, "మూషా మరా ఔషధ" ఎలుకల మందు. ఈ మూడూ చాలు. ఎన్ని గంటలకు తాగాడో గడియారం చూపించి చెప్పండి.

ఒళ్ళు చదవడం

ఆస్పత్రిలో అడుగుపెట్టగానే ఊపిరి, ఆక్సిజన్ శాతం, నాడి, బీపీ, ఒంటి వేడి చూస్తూనే వేలికొన గుచ్చి షుగర్ చూడండి. షుగర్ పడిపోయి మగతలో ఉన్న మనిషిని తాగి పడ్డాడనుకుని పక్కన పడేయడం సులువుగా జరిగే తప్పు. 70 కంటే తక్కువుండి మగతగా ఉంటే 25 శాతం డెక్స్‌ట్రోజ్ 100 మి.లీ. నరంలోకి ఇవ్వండి. సారా అలవాటున్నవాళ్ళకి దాంతోపాటు థయామిన్ 100 మి.గ్రా. షుగర్ మాత్రలు మింగినవాళ్ళని, ముఖ్యంగా గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ అయితే, ఒకసారి లేచి కూర్చున్నా 24 గంటలు పంపకండి. షుగర్ మళ్ళీ పడుతుంది.

తర్వాత టార్చి వేసి కంటిపాప చూడండి, చంకలో చెయ్యి పెట్టండి. ఈ రెండింటితోనే సగం దారి తేలుతుంది. కంటిపాప సూదిమొనలా ఉండి ఒళ్ళు తడిగా ఉంటే పురుగుల మందు. పాప సూదిమొనలాగే ఉండి ఒళ్ళు మామూలుగా, ఊపిరి నిమిషానికి 12 కంటే తక్కువైతే నల్లమందు జాతి. పాప పెద్దదై ఒళ్ళు పొడిగా, వేడిగా ఉంటే ఉమ్మెత్త లేదా అమిట్రిప్టిలిన్ లాంటి దిగులు తగ్గించే మాత్రలు. పాప, నాడి, బీపీ మామూలుగా ఉండి గాఢనిద్రలో ఉంటే అల్‌ప్రాజొలామ్ వంటి నిద్రమాత్రలు. ఇవి మొదటి చూపు గుర్తులే. రెండు మూడు కలిపి మింగినవాళ్ళలో గుర్తులు ఒకదాన్నొకటి కప్పేస్తాయి.

ఒక హెచ్చరిక. రాత్రి నేల మీద పడుకుని, తెల్లవారుజామున కడుపునొప్పితో లేచి, కనురెప్పలు వాలిపోయి, మాట ముద్దయితే అది తిన్న విషం కాదు, కట్లపాము కాటు కావచ్చు. కాటు గుర్తు కనిపించకపోవచ్చు. కావలసింది పాము విషానికి విరుగుడు.

తడి ఒళ్ళు: పురుగుల మందు

మోనోక్రోటోఫాస్, క్లోర్‌పైరిఫాస్, ప్రొఫెనోఫాస్, డైమిథోయేట్ ఈ జాతివి. నోట్లో నురగ, కన్నీళ్ళు, చెమట, విరేచనాలు, బట్టల్లోనే మూత్రం, ఛాతీలో గరగర, నాడి నెమ్మది, కండరాల్లో చర్మం కింద పురుగు పాకినట్టు అదురు. చంపేది ఆ గరగరే, ఊపిరితిత్తులు సొంత నీటిలో మునుగుతాయి. తాగితేనే రావాలని లేదు. రాయగడ జిల్లాలో, అటు మహారాష్ట్రలో కూడా పత్తి చేలల్లో మందు కొట్టేటప్పుడు చర్మం నుంచి, ఊపిరి నుంచి ఎక్కుతుంది. 2017లో మహారాష్ట్ర యవత్మాళ్ జిల్లాలో పత్తికి మందు కొట్టిన రైతులు, కూలీలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. చేనునుంచి వచ్చిన మనిషి కళ్ళు మసకగా ఉన్నాయని, వాంతి వస్తోందని అంటే ఎండదెబ్బ అనుకునే ముందు కంటిపాప చూడండి.

దీనికి విరుగుడు అట్రోపిన్, వెంటనే మొదలుపెట్టండి. ఆక్సిజన్ ఇవ్వండి గానీ, సిలిండర్ వచ్చేదాకా అట్రోపిన్ ఆపకండి. మన దగ్గర ఆంప్యూల్ సాధారణంగా 0.6 మి.గ్రా. పెద్దవాళ్ళకి మొదటి డోసు 3 ఆంప్యూళ్ళు, అంటే 1.8 మి.గ్రా., నరంలోకి. అయిదు నిమిషాల తర్వాత చూడండి. మెరుగు లేకపోతే రెట్టింపు, 6 ఆంప్యూళ్ళు. మళ్ళీ అయిదు నిమిషాలకు 12. అప్పటికీ లేకపోతే 24. ఈ లెక్క చూసి చేయి వణుకుతుంది, గంటకో ఆంప్యూల్ చొప్పున ఇస్తూ కూర్చుంటారు. అలా పోయిన ప్రాణాలే ఎక్కువ బాధపెడతాయి, మందు అలమరాలోనే ఉంటుంది కాబట్టి. పిల్లలకి మొదటి డోసు కిలోకి 0.05 మి.గ్రా., రెట్టింపు పద్ధతి అదే.

ఎక్కడ ఆపాలి? ఛాతీ రెండువైపులా శుభ్రంగా వినిపించాలి, నాడి 80 దాటాలి, పై బీపీ 80 దాటాలి, చంకలు పొడిగా ఉండాలి, పాప సూదిమొనలా ఉండకూడదు. పాప ఆలస్యంగా తెరుచుకుంటుంది, దాని వెంట పడకండి. నాడి ఇప్పటికే వేగంగా ఉందని అట్రోపిన్ మానకండి, ఊపిరి ఆడకపోవడం వల్లా నాడి పరుగెడుతుంది. ఒకవైపే, కింది భాగంలోనే గరగర మిగిలితే అది వాంతి లోపలికి పోవడం వల్ల కావచ్చు, అట్రోపిన్‌తో పోదు.

లక్ష్యం చేరాక అప్పటిదాకా పట్టిన మొత్తంలో గంటకు 10 నుంచి 20 శాతం సెలైన్‌లో కలిపి నడపండి. పై లెక్కలో మూడు డోసులకు 21 ఆంప్యూళ్ళు, 12.6 మి.గ్రా. అయింది. కాబట్టి గంటకు సుమారు 2 నుంచి 4 ఆంప్యూళ్ళు. పావుగంటకోసారి ఛాతీ వినండి. మనిషి గాలిలో ఏదో పట్టుకుంటూ, పిచ్చిగా మాట్లాడుతూ, ఒళ్ళు కాలిపోతూ, పొట్ట మీద స్టెత్ పెడితే పేగు చప్పుడు లేకపోతే అట్రోపిన్ ఎక్కువైంది. ఆపండి. సర్దుకున్నాక ముందున్న వేగంలో 70 నుంచి 80 శాతంతో మళ్ళీ మొదలుపెట్టండి. ఇంటివాళ్ళకి ముందే చెప్పి ఉంచండి, లేకపోతే మతి పోయిందని భయపడి ఆస్పత్రి మార్చేస్తారు.

రెండో విరుగుడు ప్రాలిడాక్సిమ్ ఉంటే కిలోకి 30 మి.గ్రా. చొప్పున అరగంటలో ఎక్కించి, తర్వాత గంటకు కిలోకి 8 మి.గ్రా. దాని లాభం మీద వైద్యుల్లో ఏకాభిప్రాయం లేదు. అట్రోపిన్ మీద మాత్రం వాదం లేదు. ఫిట్స్ వస్తే డయజెపామ్ 10 మి.గ్రా. నెమ్మదిగా నరంలోకి.

రెండోరోజు మనిషి బాగున్నాడు, మాట్లాడుతున్నాడు, ఇంటికి తీసుకెళ్తామంటారు. పంపకండి. 24 నుంచి 96 గంటల మధ్య మెడ, భుజాలు, ఊపిరి కండరాలు బలహీనపడతాయి. నాలుగు గంటలకోసారి తలగడ మీంచి తల ఎత్తమనండి. ఎత్తలేకపోతే ఊపిరి ఆగబోతోందని అర్థం, వెంటిలేటర్ ఉన్నచోటికి అప్పుడే పంపాలి. ఈ పరీక్షకు యంత్రం అక్కర్లేదు, ఇంటివాళ్ళకి కూడా నేర్పవచ్చు.

పొడి ఒళ్ళు, నిద్ర ఒళ్ళు

ఉమ్మెత్త గింజలు తిన్న పిల్లలు ఎర్రబడి, నోరెండి, లేనివి ఉన్నట్టు పట్టుకోబోతారు, మూత్రం బిగుస్తుంది. చీకటి, నిశ్శబ్దమైన గది, తడిగుడ్డతో ఒళ్ళు తుడవడం, మూత్రానికి గొట్టం, అల్లరికి డయజెపామ్ లేదా లోరాజెపామ్. హాలోపెరిడాల్ ఇవ్వకండి, పొడితనం, ఫిట్స్ పెరుగుతాయి. ఇవే గుర్తులతో పాటు ఫిట్స్, బీపీ పడిపోవడం ఉంటే అమిట్రిప్టిలిన్ అనుమానించి ఈసీజీ తీయండి. క్యూఆర్‌ఎస్ (ఈసీజీలో ఒక అల వెడల్పు) 100 మిల్లీసెకన్లు దాటితే సోడియం బైకార్బొనేట్ కిలోకి 1 నుంచి 2 మిల్లీ ఈక్వివలెంట్లు వెంటనే. 7.5 శాతం మందులో మి.లీ.కి సుమారు 0.9 ఉంటుంది, 50 కిలోల మనిషికి 55 నుంచి 110 మి.లీ.

నల్లమందు జాతిలో కోడీన్ దగ్గు సిరప్, ట్రమడాల్ కూడా వస్తాయి. ముందు ఆంబూ బ్యాగుతో (చేత్తో నొక్కే ఊపిరి సంచి) ఊపిరి ఇవ్వండి. విరుగుడు నాలాక్సోన్ 0.4 మి.గ్రా. నరంలోకి, మార్పు లేకపోతే 2, 3 నిమిషాలకోసారి పెంచుతూ మొత్తం 10 మి.గ్రా. దాకా. అలవాటు పడ్డవాళ్ళకి 0.04తో మొదలుపెట్టాలి, ఒక్కసారిగా మేలుకుంటే వాంతులతో విలవిల్లాడతారు. కోరాల్సింది ఊపిరి, లేచి కూర్చోవడం కాదు. ఈ మందు పని 30 నుంచి 90 నిమిషాలే, తర్వాత మళ్ళీ మునుగుతారు.

నిద్రమాత్రలకి కావలసింది కాపలా. పక్కకు పడుకోబెట్టడం, ఊపిరి లెక్క, ఆక్సిజన్. వాటి విరుగుడు ఫ్లుమజెనిల్ జోలికి పోకండి, ఫిట్స్ రావచ్చు.

మొదటిరోజు బాగుండి మోసం చేసేవి

ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. పారాసిటమాల్ మింగిన మనిషికి మొదటిరోజు కాస్త వాంతి, అంతే. కాలేయం పాడవడం రెండు మూడు రోజులకు బయటపడుతుంది. ఒకేసారి కిలోకి 150 మి.గ్రా. దాటితే వైద్యం కావాలి. 650 మాత్రల 15 ఉన్న అట్ట మొత్తం 9.75 గ్రాములు, 50 కిలోల మనిషికి కిలోకి 195. రక్తంలో స్థాయి చూసే ల్యాబ్ దగ్గర లేకపోతే దానికోసం ఎదురుచూడకండి. విరుగుడైన ఎన్-అసిటైల్ సిస్టీన్ కిలోకి 150 మి.గ్రా. 200 మి.లీ. 5 శాతం డెక్స్‌ట్రోజ్‌లో గంటపాటు, తర్వాత కిలోకి 50 నాలుగు గంటలు, కిలోకి 100 పదహారు గంటలు. మొదటి 8 గంటల్లో మొదలుపెడితే కాలేయం దాదాపు ఎప్పుడూ నిలబడుతుంది. దురద, దద్దుర్లు వస్తే ఆపి, అలర్జీ మందిచ్చి, నెమ్మదిగా మళ్ళీ నడపండి. పూర్తిగా మానేయకండి.

ఎలుకల మందులో మూడు రకాలు, మూడూ వేరు. పసుపు భాస్వరం పేస్టుకి మొదటిరోజు వాంతి, తర్వాత ఒకటి రెండు రోజులు నెమ్మది, ఆపైన కామెర్లు, రక్తస్రావం. రోజూ ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడం చూసే పరీక్ష), కాలేయ పరీక్షలు చేయించాలి, కాలేయ వైద్యం ఉన్న పెద్ద ఆస్పత్రికి రెండోరోజే పంపాలి. బ్రోమాడియోలోన్ బిళ్ళకి 48 గంటలకు ఐఎన్‌ఆర్ చూసి, పెరిగితే విటమిన్ కె. నల్లపొడి జింక్ ఫాస్ఫైడ్. ఇదీ, ధాన్యం గాదెల్లో పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలూ కడుపులో ఫాస్ఫీన్ వాయువు విడుస్తాయి. వెల్లుల్లి వాసన, బీపీ పడిపోవడం. వీటికి విరుగుడు లేదు, గుండెనీ బీపీనీ కాపాడుకోవడమే. గది కిటికీలు తెరిచి వైద్యం చేయండి.

గడ్డిమందుల్లో పారాక్వాట్ అతి కిరాతకం. నాలుక పుళ్ళు, రెండోరోజుకి మూత్రం తగ్గడం, వారానికి ఊపిరితిత్తులు గట్టిపడటం. వచ్చిన వెంటనే బొగ్గు పొడి, కిలోకి 1 గ్రాము. ఇక్కడ ఒక్క విషయం తలకిందులు: ఆక్సిజన్ శాతం 90 లోపు దిగితే తప్ప ఆక్సిజన్ పెట్టకండి, ఆక్సిజనే ఆ విషానికి ఆజ్యం. గ్లైఫోసేట్‌ కూడా గడ్డిమందే గానీ దానికి ఈ నియమం లేదు. అందుకే సీసా పేరు ఇక్కడ నిజంగా అవసరం.

బొగ్గు పొడి గురించి ఒక మాట. మింగి మామూలుగా గంట లోపు, మనిషి మెలకువగా ఉండి మింగగలిగితేనే పెద్దవాళ్ళకి 50 గ్రాములు నీళ్ళలో కలిపి. యాసిడ్, కిరోసిన్, సారాలకి ఇవ్వకూడదు. మగతలో ఉన్నవాళ్ళకి గొట్టంతో కడుపు కడగడం మేలుకంటే కీడే ఎక్కువ.

కల్తీసారా తాగిన 12 నుంచి 24 గంటలకు చూపు మంచు పట్టినట్టవుతుంది, ఊపిరి బుసబుసలాడుతుంది. మిథనాల్ అది. బైకార్బొనేట్, ఫోలినిక్ ఆమ్లం 50 మి.గ్రా. ఆరు గంటలకోసారి, డయాలిసిస్ ఉన్న చోటికి పరుగు. విరుగుడు ఫోమెపిజోల్ దొరక్కపోతే డాక్టరు పర్యవేక్షణలో ఇథనాల్ ఇస్తారు. ఒక్కరొస్తే అదే సారా తాగిన మిగతావాళ్ళ ఇళ్ళకి మనిషిని పంపండి, చూపు బాగున్నవాళ్ళని కూడా పిలిపించండి.

చెట్లు, గింజలు, కుంపటి

పచ్చగన్నేరు పప్పు తిన్నవాళ్ళకి వాంతులు, నాడి నెమ్మది, తప్పిన తాళం. ఈసీజీ ఉన్న చోటే ఉంచాలి. బొగ్గు పొడి 50 గ్రాములు ఆరు గంటలకోసారి, నాడి బాగా పడితే అట్రోపిన్ 0.6, పేస్‌మేకర్ సదుపాయమున్న ఆస్పత్రికి. కొడిశ ఆకు, ఒడియాలో కరడ, నూరి తాగినవాళ్ళు రెండు మూడు రోజులు తిరుగుతూనే ఉండి పొటాషియం పడిపోయి గుండె తప్పుతుంది. రోజూ పొటాషియం చూడండి.

2016 చివర మల్కన్‌గిరి జిల్లాలో పిల్లలు వరసగా మెదడు జబ్బుతో చనిపోయినప్పుడు, జపనీస్ మెదడువాపుతో పాటు కసింద కాయలే కారణమని నిపుణులు చెప్పారు. ఒడియాలో బణ చకుండా. మన తగిరిసకి దగ్గర చుట్టం, అందుకే పొరపడతారు: తగిరిస ఆకు కొస గుండ్రం, కసింద ఆకు కొస మొన. చలికాలం మొదట్లో పిల్లవాడికి వాంతులు, వింత ప్రవర్తన, ఫిట్స్ వస్తే ఆ కాయలు తిన్నాడా అని అడిగి, షుగర్ చూసి, డెక్స్‌ట్రోజ్ పెట్టి వెంటనే పెద్ద ఆస్పత్రికి. బూజుపట్టిన మామిడి జీడి పిండి అంబలికి వాడనివ్వకండి. 2001లో రాయగడ జిల్లా కాశీపురం వైపు ఆ అంబలి తాగాక మరణాలు జరిగాయి.

కోరాపుట్ కొండల చలిలో తలుపులు మూసి బొగ్గుల కుంపటి పెట్టుకుంటే ఇంటిల్లిపాదికీ తలనొప్పి, వాంతి, మగత ఒకేసారి వస్తాయి. అందరినీ బయటికి లాగండి, ముసుగుతో పూర్తి ఆక్సిజన్. వేలికి పెట్టే యంత్రం 98 చూపించినా నమ్మకండి, అది కార్బన్ మోనాక్సైడ్‌ని ఆక్సిజన్‌గా లెక్కేస్తుంది.

సరిహద్దు దాటించేటప్పుడు

అనుమానం ఉంటే ఢిల్లీ ఎయిమ్స్ విష సమాచార కేంద్రానికి 1800 116 117 చేయండి, రాత్రీ పగలూ పలుకుతారు. ఎక్కడికి పంపాలో ముందే తేల్చుకోండి: కోరాపుట్, బరంపురం వైద్య కళాశాలలా, లేక అటు శ్రీకాకుళం, విశాఖ కేజీహెచ్‌లా. బండి రాష్ట్రం దాటుతుందో లేదో ఫోన్‌లోనే అడగండి. పాతపట్నం దగ్గర బండి మారాల్సి వస్తే రెండోదాన్ని ముందే పిలిపించి ఉంచండి. పురుగుల మందు కేసుకి ఆంబూ బ్యాగు, సక్షన్, కనీసం 50 అట్రోపిన్ ఆంప్యూళ్ళు, ఇంజెక్షన్ చేయగల మనిషి లేకుండా బండి కదలకూడదు. ఛాతీ తేలికపడకుండా పంపితే దారిలోనే పోతారు.

సొంతంగా తాగినవాళ్ళని ఆస్పత్రిలో ఒంటరిగా వదలకండి. ఇంటికి తీసుకెళ్ళే ముందు మందుల డబ్బాలు ఇంట్లోంచి తీసేసి, మనసు విప్పి మాట్లాడటానికి టెలి మానస్ 14416 నంబరు ఇవ్వండి. తెలుగులోనూ మాట్లాడతారు.

వెంట పంపే చీటీలో తాగిన టైము, మందు పేరు లేదా అనుమానం, మొదట చూసిన కంటిపాప, నాడి, షుగర్, ఇచ్చిన అట్రోపిన్ మొత్తం ఎన్ని ఆంప్యూళ్ళు, ఆఖరి డోసు ఎన్నింటికి అన్నవి అంకెలతో రాయండి. ఆ చీటీ ఫొటో ఇంటివాళ్ళ ఫోన్‌లో తీయించండి. దారిలో చీటీ పోయినా అవతలి డాక్టరుకి ఆ అంకెలు చేరాలి.